తపసి చెట్టు లెక్క

అందరికీ నమస్కారం. అడవీ, గిరిజనుల బతుకూ అన్న ఇవాళ్టి సభ అంశం చాలా పెద్దది. నేను ఒక్క చెట్టు గురించే మాట్లాడతాను.

తపసి. నల్లమలలో, పాడేరు, రంపచోడవరం కొండల్లో రాళ్ల మధ్య పెరుగుతుంది. ఆకు రాల్చేశాక దాని తెల్లటి నున్నటి మాను దూరానికే కనిపిస్తుంది. గాటు పెడితే బంక కారుతుంది. నీళ్లలో వేస్తే కరగదు, ఉబ్బుతుంది. అందుకే విరేచనాల మందుల్లో, కట్టుడు పళ్లు అంటించే పొడుల్లో వాడతారు. చెంచులు తీసిన బంక ఏ అమెరికా తాతగారి పళ్లనో పట్టి ఉంచుతుందన్నమాట!

వెనకటికి బంక తీసే గిరిజనులు మానును గొడ్డలితో లోతుగా నరికేవాళ్లు. చెట్టు ఎండిపోయేది. అజ్ఞానం అని తేల్చేయడం మనకు తేలికే. కిలోకి నాలుగు డబ్బులే వస్తుంటే ఇంకో కిలో తీయడం తప్ప దారేముంది? పైగా చెట్టు తనది కాదు. ఇవాళ తను వదిలేస్తే రేపు ఇంకొకరు నరుకుతారు.

1990ల్లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి వాళ్లకు కొత్త పద్ధతి నేర్పాయి. చిన్న పనిముట్టు, పైపైన గాటు, గాటుకీ గాటుకీ ఎడం. బంక నేల మీద పడకుండా పట్టాలి, బెరడు ముక్కలు ఏరేయాలి. తెల్లటి శుభ్రమైన బంకకు మొదటి గ్రేడు ధర. మట్టి, బెరడు అంటిన ఎర్ర బంకకు వచ్చేది అందులో కొంతే. చెట్టును తక్కువ కోసినవాడికే ఎక్కువ డబ్బు! నాకు తెలిసి ఏ ఉపన్యాసమూ చెట్టును ఇంత బాగా కాపాడలేదు.

2006 అటవీ హక్కుల చట్టం బంక లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం వాళ్లకే ఇచ్చింది, అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. రేపటి చెట్టు కూడా తనదే అని నమ్మకం కుదిరితే గాటు దానంతట అదే చిన్నదవుతుంది.

ఇక అసలు చిక్కు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న దగ్గరే ఉంది. గిరిజనులు షావుకారు చేతిలో మోసపోకుండా వాళ్ల దగ్గర నేరుగా కొనడానికే 1956లో జీసీసీ పెట్టారు. ఆ సంస్థ డిపోలో డబ్బు వారం ఆగిందా, సరుకు సంతలో షావుకారు దగ్గరికే పోతుంది. ఆ ఇంట్లో ఆ సాయంత్రానికే ఉప్పూ పప్పూ కావాలి కదా!

ఇక్కడున్న విద్యార్థులకు ఒక్క మాట. మీ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒక సంత రోజున కాటా పక్కన గంటసేపు నిలబడండి. ముల్లు ఎవరు చూస్తున్నారో, లెక్క ఎవరు రాస్తున్నారో గమనించి రండి. అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.