సైరన్ మోగితే ఎటు వెళ్లాలి? మీ ఫ్యాక్టరీ ఎమర్జెన్సీ ప్లాన్‌ను ఇలా చూసుకోండి

అందరికీ నమస్కారం. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకీ, ఫ్యాక్టరీ గోడ పక్కన కాపురం ఉండేవాళ్లకీ ఈ వీడియో. గ్యాస్ లీకైనా, యుద్ధ సైరన్ మోగినా ప్రభుత్వం రాయించిన ప్లాన్ మీ దాకా వస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలో చూద్దాం.

స్క్రీన్ మీద ఈ గీత కాంపౌండ్ వాల్ అనుకోండి. గోడ లోపలి సంగతి ఆన్‌సైట్ ప్లాన్, అది కంపెనీ రాయాలి. బయటి సంగతి ఆఫ్‌సైట్ ప్లాన్, అది జిల్లా యంత్రాంగం తయారు చేయాలి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోనే ఇదంతా ఉంది. లోపల ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్, అంటే ప్రమాదం జరిగినట్టే చేసే రిహార్సల్, బయట ఏడాదికోసారి. 1996 నిబంధనలతో కలెక్టర్ అధ్యక్షతన రసాయన ప్రమాదాల కోసం జిల్లా క్రైసిస్ గ్రూప్ అనే కమిటీ కూడా వచ్చింది. కాగితం మీద లోటేమీ లేదు. తేడా కొట్టేది ఈ గోడ దగ్గరే.

విశాఖ, 2020 మే 7. తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి బయటికొచ్చింది. పక్కనే ఉన్న ఆర్ఆర్ వెంకటాపురం నిద్రలో ఉంది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగించే ఏర్పాటు గేటుతో సహా 36 చోట్ల ఉందనీ, అయినా ఎవరూ మోగించలేదనీ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. అందుకే మాక్ డ్రిల్‌కి వెళ్తే నేను మొదట అడిగేది ఒకటే: "నైట్ షిఫ్ట్‌లో సైరన్ నొక్కేదెవరు?" "మేనేజర్‌గారికి ఫోన్ చేసి, ఆయన సరేనంటే..." అన్నారా, ఆ ప్లాన్ పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత పైకి చూడండి. గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం, విండ్ సాక్, ఉందా? మన ఎండకీ ఉప్పుగాలికీ గుడ్డ చిరిగిపోయి కర్రకి ఉత్త రింగే వేలాడుతుంటుంది చాలాచోట్ల. దాని తోక ఎటు చూస్తే గ్యాస్ అటు పోతోందన్నమాట. మీరు గాలివాలున పరిగెత్తకండి. గాలికి అడ్డంగా పక్కకి తప్పుకుని, ఆ తర్వాత గాలి వచ్చే వైపు వెళ్లండి. కాబట్టి అసెంబ్లీ పాయింట్, అంటే అందరూ చేరాల్సిన చోటు, ఒక్కటే ఉంటే చాలదు. గాలి దాని మీదికే వీస్తే ఎక్కడ నిలబడతారు?

ఇక హెడ్ కౌంట్, అంటే అందరూ బయటపడ్డారో లేదో తలలు లెక్కపెట్టడం. పంచింగ్ మెషిన్ లెక్క నమ్ముకోవద్దు. కాంట్రాక్టర్ తెచ్చిన కూలీలు, ట్యాంకర్ డ్రైవర్, క్లీనర్ అందులో ఉండకపోవచ్చు. గేటు రిజిస్టర్ పట్టుకుని సెక్యూరిటీ గార్డే అసెంబ్లీ పాయింట్‌కి రావాలి.

సివిల్ డిఫెన్స్, అంటే యుద్ధ సమయంలో మామూలు జనాన్ని కాపాడే ఏర్పాట్ల సంగతికొద్దాం. 2025 మే 7న దేశమంతా ఆపరేషన్ అభ్యాస్ అనే యుద్ధ మాక్ డ్రిల్ జరిగినప్పుడు హైదరాబాద్‌లో ఎంచుకున్న చోట్లలో మౌలాలిలోని అణు ఇంధన సంస్థ ఎన్ఎఫ్‌సీ, కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ఉన్నాయి. విశాఖలోనూ డ్రిల్ చేశారు. వైమానిక దాడి హెచ్చరిక సైరన్ పైకీ కిందికీ ఏడుస్తున్నట్టు మోగుతుంది, ప్రమాదం తప్పిందంటే ఒకే స్థాయిలో మోగుతుంది. మీ ఫ్యాక్టరీ సైరన్ కోడ్ దీనితో కలగాపులగం అవుతోందేమో చూసుకోండి. గ్యాస్ లీక్‌కి బయటికి రావాలి, దాడికి లోపల దాక్కోవాలి. రెండూ ఒకేలా మోగితే సగం మంది తప్పు దారి పడతారు.

దాడి భయం ఉన్నప్పుడు లైట్లన్నీ ఆపేసే బ్లాకవుట్ మరో తలనొప్పి. ఇంట్లో అయితే స్విచ్ ఆపేస్తే సరి. స్టీల్ ప్లాంట్‌లో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌ని, రిఫైనరీలో మిగులు గ్యాస్ మండే ఫ్లేర్ మంటని నిమిషంలో ఆర్పలేం కదా! ఏ లైటు ఆపాలి, ఏ పంపు నడవాలి అన్న జాబితా కంట్రోల్ రూమ్‌లో ముందే ఉండాలి.

గోడ బయట ఉండేవాళ్లకి ఒక మాట. కంపెనీని అడిగితే "అది కాన్ఫిడెన్షియల్" అంటారు కొందరు. ఒప్పుకోకండి. ప్రమాదం ఎలాంటిది, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి చుట్టుపక్కల వాళ్లకి కంపెనీయే చెప్పాలని 1989 నిబంధనల్లో 15వది చెబుతోంది. ఆ నంబరు వేసి ఊరివాళ్లంతా సంతకాలతో అర్జీ పెట్టండి, ఒక కాపీ కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.