మట్టి గుంతలో నాలుగున్నర శతాబ్దాలు

సభకు నమస్కారం.

మద్యం గురించి ప్రసంగం అనగానే మనలో కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. అందుకు తగిన కారణం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. వాళ్ల మీద నాకున్న గౌరవాన్ని పక్కన పెట్టకుండానే ఈ రోజు చైనావారి బైజియు గురించి మాట్లాడతాను. ఒక సమాజం తన ధాన్యాన్ని, మట్టిని, అతిథిని ఎలా చూసుకుంటుందో ఈ పానీయంలో కనిపిస్తుంది. ఆ సమాజం ఎక్కడ తప్పు చేసిందో కూడా కనిపిస్తుంది.

బైజియు ధాన్యం నుంచి బట్టీ పట్టిన మద్యం. నీళ్లలా తేటగా ఉంటుంది, ఘాటు మాత్రం ఎక్కువ. పేరున్న మావ్‌తాయ్ అనే రకంలో ఆల్కహాల్ 53 శాతం. చాలా రకాలకు మూలం జొన్న. మనం రొట్టె చేసుకునే జొన్నకు దగ్గరి చుట్టమే అది. అయితే చైనా నైరుతి ప్రాంతంలో వాడేది చిన్న గింజ, మందమైన పొట్టు ఉన్న జిగురు రకం. పదే పదే ఆవిరి పట్టినా చిదికిపోదు. ఆ గుణం ఎందుకు అవసరమో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు ‘చ్యూ’ గురించి చెప్పాలి. మరపట్టిన గోధుమలను తడిపి, కాళ్లతో తొక్కి, ఇటుకల్లా చేసి, గడ్డి పరిచిన గదుల్లో పేరుస్తారు. గాలిలోని బూజులు, ఈస్టులు, బ్యాక్టీరియా వాటిలో స్థిరపడతాయి. ఇటుకల లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. మన ఇంట్లో పాలకు పెరుగు తోడు ఎలాంటిదో జొన్నకు ఈ చ్యూ అలాంటిది. బీరు కాచేవాళ్లు ముందు బార్లీని మొలకెత్తించి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు, ఆ తరువాత ఈస్టు కలుపుతారు. చైనాలో ఈ రెండు పనులూ చ్యూ ఒకేసారి చేస్తుంది. పైగా నీటిలో కాదు, తడి జొన్న కుప్పలోనే. బట్టీ పట్టేటప్పుడు కూడా ఆ తడి ధాన్యం గుండానే ఆవిరిని పంపి సారం రాబడతారు.

గ్విజౌ రాష్ట్రంలో చీష్వీ నది ఒడ్డున ఉన్న మావ్‌తాయ్ పట్టణంలో ఈ పని ఏడాది పొడవునా సాగుతుంది. అయిదో చాంద్రమాసంలో పడవల పండుగ నాటికి చ్యూ తొక్కడం మొదలవుతుంది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పండుగ దగ్గర జొన్న వేస్తారు. వానాకాలమంతా ఎర్రమట్టితో పారిన నది అప్పటికి తేటపడుతుంది. రెండుసార్లు ధాన్యం వేసి, తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి, ఎనిమిదిసార్లు పులియబెట్టి, ఏడుసార్లు మద్యం తీస్తారు. మందమైన పొట్టు అవసరం ఇక్కడే. తీసిన మద్యాన్ని మట్టి జాడీల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచి, వేర్వేరు విడతల్లో వచ్చినవాటిని రుచి చూసి కలుపుతారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం సిచువాన్‌లోని లూజౌ. అక్కడ మట్టి గుంతల్లో పులియబెడతారు. 1573 నుంచి, అంటే మింగ్ వంశం కాలం నుంచి, వాడకంలో ఉన్న గుంతలు అక్కడ ఉన్నాయి. ఆ బంకమట్టిలో తరతరాలుగా బతుకుతున్న బ్యాక్టీరియా తయారుచేసే కప్రోయిక్ ఆమ్లం ఆల్కహాల్‌తో కలిసినప్పుడు అనాస పండు లాంటి వాసన పుడుతుంది. వాడకం ఆగితే మట్టి ఎండిపోతుంది, ఆ జీవులు నశిస్తాయి. అందుకే గుంతను ఖాళీగా వదలరు. ప్రతి విడతలోనూ పాత పిప్పిలో కొంత ఉంచి కొత్త జొన్న కలుపుతారు. రాజవంశాలు కూలాయి, యుద్ధాలు వచ్చాయి, యజమానులు మారారు. అయినా ఎవరో ఒకరు ఆ మట్టిని తడిగా కాపాడుతూ వచ్చారు. చైనా ప్రభుత్వం 1996లో ఆ గుంతలను జాతీయ వారసత్వ సంపదగా గుర్తించింది. కోటలకూ గుళ్లకూ ఇచ్చే గుర్తింపు పనిచేస్తున్న గుంతకు దక్కడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

స్థలానికి ఇంత విలువ నిజంగా ఉందా? చైనా ప్రభుత్వానికే ఆ సందేహం వచ్చింది. 1970ల్లో మావ్‌తాయ్ నిపుణులను, పద్ధతులను, ముడిసరుకును జున్యీ నగరం దగ్గరికి తరలించి అదే మద్యం చేయించాలని చూశారు. ఏళ్ల తరబడి ప్రయత్నించినా అచ్చంగా అదే రాలేదు. వచ్చింది మంచిదే గనుక దాన్ని వేరే పేరుతో అమ్ముతున్నారు.

చరిత్ర గురించి ఒక్క మాట. టాంగ్ కాలపు కవి లీ బాయ్ తాగింది బైజియు అని చాలామంది అనుకుంటారు. ఆయన 8వ శతాబ్దం వాడు. అప్పట్లో తాగినవి పులియబెట్టిన తేలికపాటి మద్యాలు. బట్టీ పట్టే విద్య మంగోలుల యువాన్ కాలంలో మొదలైందని 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ రాశాడు. అంతకు ముందే ఉందనే పండితులూ ఉన్నారు.

ఇక విందు బల్ల. చిన్న గిన్నెల్లో, భోజనంతో పాటే తాగుతారు. పెద్దవారి గిన్నెకు తగిలించేటప్పుడు మన గిన్నె అంచు కాస్త కిందికి ఉండాలి. పెళ్లిలో వధూవరులు చేతులు పెనవేసుకుని తాగుతారు. చింగ్‌మింగ్ నాడు పితరుల సమాధుల మీద పోస్తారు. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పెకింగ్ వచ్చినప్పుడు చైనా ప్రధాని చౌ ఎన్ లై ఆయనతో గిన్నె కలిపింది మావ్‌తాయ్‌తోనే. రెండు దశాబ్దాల వైరం తరువాత స్నేహం మొదలైందని ప్రపంచానికి చూపడానికి ఆ గిన్నె సరిపోయింది.

అదే గిన్నె బలవంతం చేసే సాధనం కూడా అయింది. పై అధికారి ‘గాన్‌బెయ్’ అంటే కింది ఉద్యోగి గిన్నె ఖాళీ చేయాలి. కాదంటే అవమానించినట్టు లెక్క. కాలేయం చెడినవాళ్లూ, మర్యాద కోసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఖరీదైన సీసాలు లంచాలుగా చేతులు మారాయి. 2012 చివర్లో ప్రభుత్వం అధికారిక విందుల దుబారాపై ఆంక్షలు పెట్టగానే మావ్‌తాయ్ ధరలు పడిపోయాయి. ఆ సీసాలను ఎవరు, ఎవరి డబ్బుతో కొంటున్నారో దాంతో తేలిపోయింది. మట్టిని కాపాడిన సంప్రదాయానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. వద్దన్న మనిషి గొంతులో పోసే సంప్రదాయాన్ని మాత్రం ఒప్పుకోను.

వైద్య విద్య కోసం, వ్యాపారం కోసం చైనా వెళ్లే మన పిల్లలకు ఈ మాట చెప్పండి. తాగని వాళ్లు టీ గిన్నె ఎత్తి, మద్యానికి బదులు టీతో గౌరవిస్తున్నానని చెప్పవచ్చు. ఆ మర్యాద అక్కడిదే, చాలా పాతది. 3వ శతాబ్దంలో వూ రాజ్యపు రాజు సున్ హావ్ విందుల్లో ప్రతి ఒక్కరూ ఇంత తాగాలని కొలత ఉండేది. వేయ్ యావ్ అనే చరిత్రకారుడు ఎక్కువ తాగలేకపోతే, ఆ రాజే రహస్యంగా ఆయనకు మద్యం బదులు టీ ఇప్పించాడు.