కుళాయి వెనుక నది, చెత్తబుట్ట వెనుక కొండ

(హైదరాబాదులోని ఒక అపార్టుమెంటు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పర్యావరణం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, మన వంటింటి సింకు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఎక్కువసేపు ఉంటానని వారికి ముందే మనవి చేసుకున్నాను. ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందని మనందరికీ తెలుసు. అంత దూరపు సంగతి గుర్తొచ్చి కుళాయి కట్టేసిన వారిని మాత్రం నేను చూడలేదు. తెల్లవారి తిప్పిన కుళాయిలోకి నీళ్ళు ఏ దారిన వచ్చాయో, పొద్దున్నే గుమ్మం బయట పెట్టిన చెత్త ఏ చోటికి చేరుతుందో తెలిసినప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం గురించే ఈరోజు నా ప్రసంగం.

ముందు నీళ్ళ సంగతి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఈ ఊరి దాహం తీర్చాయి. ఊరు పెరిగింది, అవి చాలలేదు. మంజీరా వచ్చింది, అదీ చాలలేదు. ఇప్పుడు మనం తాగే నీటిలో పెద్ద వాటా కృష్ణా, గోదావరులది. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి జలాశయానికి చేరి, కోదండాపూర్‌లో శుద్ధి అయి, అంచెలంచెలుగా పంపులు తోస్తుంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన సంపులో పడుతుంది. సాగర్ నిండుగా ఉన్నప్పుడు కూడా దాని నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులే, హైదరాబాదు ఉన్నదేమో దాదాపు 1,700 అడుగుల ఎత్తున. అంటే మనం పళ్ళు తోముకుంటూ వదిలేసే ప్రతి చెంబెడు నీటినీ వెయ్యి అడుగులకు పైగా ఎవరో కరెంటు ఖర్చుపెట్టి మోసుకొచ్చినట్టే. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాలిస్తే వచ్చింది. కాబట్టి ఈ ఊళ్ళో నీళ్ళు పొదుపు చేసినవారు కరెంటునూ పొదుపు చేసినట్టే. ఈ రెండింటినీ విడదీసి చూడటానికి లేదు.

ఇంత కష్టపడి వచ్చిన నీటిని మనం వంటింట్లో ఏం చేస్తున్నాం? గోడకు తగిలించిన, నీటిలోని లవణాలను తీసేసే ఆర్వో యంత్రంలో పోస్తున్నాం. మామూలుగా ఇళ్ళలో వాడే యంత్రం ఒక లీటరు తాగే నీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లను సన్నటి గొట్టం గుండా సింకులోకి వదిలేస్తుంది. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు 15 లీటర్లు కావాలనుకుందాం. పారబోసేది 45 లీటర్లు. మన 60 ఫ్లాట్లకు లెక్క కడితే రోజుకు 2,700 లీటర్లు. వేసవిలో మనం డబ్బు పెట్టి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరులో సగానికి పైగా, ఏ గిన్నే కడగకుండా, ఏ మొక్కా తడవకుండా కాలువలోకి పోతోంది.

అసలు ఆ యంత్రం మనకు అవసరమా అన్నది ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. అంతకంటే తక్కువ ఉన్న చోట ఆర్వో యంత్రాల వాడకాన్ని నిషేధించాలని 2019లోనే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. బోరు నీరు తాగేవారి సంగతి వేరు. ఫ్లోరైడు, అధిక లవణాలు ఉన్నచోట ఆర్వో నిజంగా అవసరమే, అక్కడ దాన్ని తీసేయమని నేను చెప్పను. నది నీరు వచ్చే ఇంట్లో మాత్రం కొలిచి చూసుకుని నిర్ణయించుకోవాలి. టీడీఎస్ తక్కువే అయితే క్రిములను చంపే యూవీ దీపం, మంచి ఫిల్టరు ఉన్న యంత్రం సరిపోతుంది. కాచి వడగట్టుకున్నా సరిపోతుంది. ఆర్వో తప్పదనుకుంటే ఆ సన్నటి గొట్టాన్ని సింకులోంచి తీసి బకెట్‌లోకి వదలండి. ఆ నీళ్ళతో ఇల్లు తుడవచ్చు, అంట్లను మొదటిసారి కడగవచ్చు, మరుగుదొడ్డిలో పోయవచ్చు. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి. మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

ఇక చెత్త. 2015లో నగరపాలక సంస్థ ఇంటికి రెండు చొప్పున ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచింది. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త రెండోదాంట్లో వేయమని చెప్పింది. మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు కూడా చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని శాసించాయి. నేను వెళ్ళిన ఎన్నో ఇళ్ళలో ఆ ఆకుపచ్చ బుట్ట నీళ్ళు పట్టుకునే డబ్బాగానో, బియ్యం డబ్బాగానో కనబడింది. ఆ ఇంటివారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రెండో బుట్ట వచ్చిందే గానీ వంటింట్లో దానికంటూ ఒక చోటు రాలేదు. కూరగాయలు తరిగే చేతికి అందేంత దూరంలో లేని బుట్ట, ఎంత మంచి ఉద్దేశంతో ఇచ్చినా, నాలుగు రోజులే పనిచేస్తుంది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో పెరటి గుమ్మం పక్కనే కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే వెళ్ళేవి. సాయంత్రం గేదె వచ్చి తాగేది. ఆవిడ పర్యావరణం అనే మాట ఎన్నడూ పలికి ఉండరు. తొట్టి అక్కడ ఉంది, గేదె ఎదురుచూస్తోంది, అంతే. ఇప్పుడు మనం నాలుగో అంతస్తులో ఉన్నాం, గేదె లేదు. కానీ తొక్కలు ఆగలేదు. పాత రోజులు మంచివని నిట్టూర్చడం కంటే, ఆ తొట్టి చేసిన పనిని ఇక్కడ ఏది చేయగలదో ఆలోచించడం ఉపయోగకరమని నా నమ్మకం.

ఆ పని చేసేవారు లేక మన తొక్కలు ఎక్కడికి వెళ్ళాయో ఊరికి ఈశాన్యాన జవహర్‌నగర్ వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి నగరం చెత్త అంతా అక్కడ పోగుపడి కొండ అయింది. దాని మీద మందమైన పొర కప్పి మూసినా, దాని నుంచి కారిన నల్లటి ద్రవం మల్కారం చెరువును పాడుచేసిన సంగతి అక్కడివారు నేటికీ చెబుతారు. మన ఇళ్ళ చెత్తలో దాదాపు సగం వంటింటి తడి చెత్తే. గాలి ఆడని కుప్పలో అది కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే మీథేన్ భూమిని దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. అదే తొక్క గాలి ఆడేచోట కుళ్ళితే ఎరువవుతుంది. రెంటికీ తేడా గాలి, ఎండుటాకులు, వారానికి కాసేపు శ్రమ.

ఎరువు తయారీలో నేను మొదట విఫలమయ్యాను. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పది రోజులు తొక్కలు వేస్తూ పోయాను. పదకొండో రోజు మూత తీస్తే దుర్వాసన, తెల్లటి పురుగులు. ఇంట్లోవారు సహించలేకపోయారు, వారిది తప్పు కాదు. తప్పు ఎక్కడ ఉందో తర్వాత నేర్చుకున్నాను: తడి ఎక్కువైంది, గాలి లేదు. ఇప్పుడు చుట్టూ చిల్లులు పెట్టిన పాత పెయింటు డబ్బా వాడుతున్నాను. అడుగున నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు, వాటిపై చిన్నగా తరిగిన తొక్కలు, వాటిని పూర్తిగా కప్పేలా మళ్ళీ ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు. మొదటిసారి ఒక గరిటెడు పుల్లమజ్జిగ చల్లితే కుళ్ళడం త్వరగా అందుకుంటుంది. మూడు రోజులకోసారి కర్రతో కలపాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకులు చాలలేదని, అసలు తడే లేకపోతే నీళ్ళు చల్లాలని అర్థం. తెల్లటి బూజు కనబడితే భయపడకండి, అది మన పని చేసిపెడుతున్న కూలి. మాంసం, ఎముకలు, నూనె ఓడే కూరలు వేయకండి. సుమారు రెండు నెలలకు డబ్బాలో మిగిలేది నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. తొలకరికి తడిసిన నేల వాసన వేస్తుంది. ఆ వాసన వచ్చిన రోజు మా ఇంట్లో అందరూ ఒక్కొక్కరుగా డబ్బా దగ్గరికి వచ్చి చూశారు.

కరెంటు గురించి క్లుప్తంగా చెబుతాను. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాను తిప్పుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) చెబుతోంది. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటే, కరెంటు తక్కువ తీసుకునే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యానును మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. పాడైన ఫ్యాను స్థానంలో కొనేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు. బాగా తిరుగుతున్నదాన్ని తీసి పారేయనక్కరలేదు.

ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఇటువంటి ప్రసంగాల తర్వాత పెరిగే పని దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవారి మీదే పడుతుంది, లేదా పనిమనిషి మీద పడుతుంది. సభలో మగవారు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళి, ఇక నుంచి చెత్త వేరుచేయమని భార్యకు చెబితే, ఆ అలవాటు నెల తిరగకుండా పోతుంది, పోవడమే న్యాయం కూడా. బకెట్ మోయడం, డబ్బా కలపడం బరువైన పనులు. వాటిని ఇంట్లో మగవారు, ఎదిగిన పిల్లలు తీసుకోవాలి. రెండు బుట్టలు వేరుచేసి పెట్టిన ఇంట్లో చెత్త తీసుకెళ్ళే ఆటో కార్మికుడు కుళ్ళిన అన్నంలో చెయ్యి పెట్టి సీసాలు ఏరుకోవలసిన అవసరం ఉండదు. వాడిన బ్లేడ్లు, పగిలిన గాజు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. అతని వేళ్ళు తెగవు.

ఇది ఆకులు రాలే కాలం. వారం రోజులుగా మన ఆవరణలో ఊడ్చిన ఆకులను కాల్చవద్దని మన వాచ్‌మన్‌ను కోరాను. ఆయన ఆరు సంచులు నింపి గేటు పక్కన పెట్టారు. ఎరువు డబ్బా మొదలుపెట్టదలచినవారు ఈ రాత్రే కావలసినన్ని తీసుకెళ్ళవచ్చు. ఈ బల్ల మీద టీడీఎస్ మీటరు ఉంది. పైకి వెళ్ళి మీ కుళాయి నీళ్ళు ఒక గ్లాసు, ఆర్వో నీళ్ళు ఒక గ్లాసు, సింకులోకి పోయే నీళ్ళు ఒక గ్లాసు తీసుకురండి. అందరి ముందూ కొలుద్దాం.