బస్సు వెనక పది సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

బస్సు కదిలిపోతోంది. సంచి భుజాన వేసుకుని పరుగెత్తారు. ఫుట్‌బోర్డు అందుకునేసరికి పది సెకన్లు పట్టిందనుకుందాం. ఆ పది సెకన్లూ మీ కాళ్ళు దేనితో నడిచాయి? పొద్దున తిన్న ఇడ్లీతో అంటే తొందరపడ్డట్టే.

కణంలో ప్రధానంగా చెల్లే నాణెం ఏటీపీ. తోకలా మూడు ఫాస్ఫేట్లు, అంటే ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ముక్కలు, ఉన్న చిన్న అణువు. నీటి అణువొకటి వచ్చి కలిసి చివరి ఫాస్ఫేటును విడదీస్తుంది. ఆ మార్పులో వెలువడే శక్తితోనే కండరం పనిచేస్తుంది. ఇంత ముఖ్యమైనదాన్ని కణం పోగేసుకోదు. కండరంలో ఉన్నది రెండు మూడు సెకన్ల పరుగుకే సరి. తర్వాత ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. తన ఫాస్ఫేటు ఇచ్చేసి, ఖర్చయిన ఏటీపీని మళ్ళీ నిలబెడుతుంది.

దీన్ని పట్టుకున్నవాళ్ళలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతిని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, ఆయనా కలిసి 1925లో ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రవానికి అదే పరీక్ష చేస్తే నీలం చప్పున రాలేదు. నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవాళ్ళేమో! వీళ్ళు ఆ ఆలస్యం వెంటే పడ్డారు. ఫాస్ఫేటు దేన్నుంచో మెల్లగా ఊడివస్తోందన్నమాట. 1927లో ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. 1929లో ఏటీపీనీ కనుక్కున్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. చదువుకునే రోజుల్లో ఏటీపీ గురించి బట్టీపట్టాను గానీ, ఈ భీమవరం సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఇక ఇడ్లీ. అందులోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి, మిగిలింది కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. కొవ్వుకి ఆ బరువు లేదు. రెండు రోజులు ఉపవాసముండి రెండు కిలోలు తగ్గానని మురిసిపోతే, పోయిందాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే.

సరే, బస్సెక్కారు. ఇప్పుడు చెమట. కండరాలు ఖర్చుపెట్టిన శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే తేలుతుంది. లీటరు చెమట ఆవిరైతే 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. కానీ ఆవిరి కావాలి. మే నెలలో కోస్తా ఉక్కపోతకి చెమట కారుతుందే తప్ప ఆరదు. కారిపోయిన చెమట ఒళ్ళు చల్లబరచదు. కిటికీ పక్క సీటు కోసం తగువులాడేవాళ్ళని ఇకమీదట తప్పుపట్టకండి.