చికాగో చలిని దాటుకొచ్చి హనుమకొండలో దొరికిపోయాను

అందరికీ నమస్కారం. ఇదిగో, కెమెరాను దగ్గరగా పెడుతున్నాను, నా చేతులు చూడండి. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఎర్రగా ఉబ్బిన ఇవి దోమకాట్లు కావు, చలి దద్దుర్లు.

పొద్దున ఆరింటికి తమ్ముడి స్కూటరు వెనక కూర్చుని భద్రకాళి గుడికి బయలుదేరాను. చికాగోలో అయితే చేతి తొడుగులు లేనిదే చెత్త పారేయడానికి కూడా బయటికి వెళ్లను. ఇక్కడ ఫోనులో 13 డిగ్రీలు చూసి ‘ఇదీ ఒక చలేనా’ అనుకుని పలచటి చున్నీతో వచ్చేశాను. చెరువు మీది గాలికి స్కూటరు వేగం తోడైంది. చిత్రంగా, బండి మీద ఉన్నంతసేపూ ఏమీ లేదు. టీ కొట్టు దగ్గర వేడి గ్లాసు పట్టుకుని నాలుగు గుక్కలు తాగేసరికి దురద మొదలైంది. చల్లబడ్డ చర్మం మళ్లీ వేడెక్కేటప్పుడే చాలామందికి ఇలా అవుతుంది. చలి తగిలినప్పుడు చర్మంలో ఉండే మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. వాపూ దురదా దాని పనే. డాక్టర్లు దీన్ని కోల్డ్ అర్టికేరియా అంటారు.

ఇంటికి రాగానే నానమ్మ గొంగడి తీసింది. దద్దుర్లు వస్తే గొంగడితో రుద్దడం మా ఇంట్లో పాత అలవాటు. కప్పుకుంటే వెచ్చగా, హాయిగానే ఉంది. రుద్దబోతే మాత్రం చేయి లాక్కున్నాను. ఆ గరుకుకు దురద ఇంకా రేగుతుంది. ఒంటికి నూలు బట్ట, దాని మీద ఉన్ని, నా లెక్క ఇంతే.

నిద్రమత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్ మాత్రను చలికాలమంతా రోజూ వేసుకోమని మా డాక్టరు చెప్పారు. వెచ్చటి ఊరికి వెళ్తున్నాను కదా అని మానేశాను. నా తెలివికి దండం పెట్టాలి. ఇప్పుడైనా మోతాదు పెంచాలంటే డాక్టరే చెప్పాలి, సొంత వైద్యం వద్దు.

నాకు గాలి కంటే నీళ్లంటేనే భయం. రేపు లక్నవరం చెరువుకు వెళ్లి నీళ్లలో దిగుదామని మా బావ ఒకటే గొడవ. ఒళ్లంతా ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే హిస్టమిన్ ఎక్కువగా విడుదలై రక్తపోటు పడిపోవచ్చు, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు. కాబట్టి నేను అక్కడి వేలాడే వంతెన దాకానే. ఐసు వేసిన చెరుకు రసం కూడా వద్దు, నాలుక, గొంతు వాయవచ్చు. గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా మాత్రను నమ్ముకుని కూర్చోకూడదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ చేసుకుని వెంటనే 108కి ఫోను చేయాలి. పెన్నులా ఉండే ఆ ఇంజెక్షన్ నా సంచిలోనే ఉంటుంది. తొడకు ఎలా గుచ్చాలో తమ్ముడికి నేర్పించాను. వాడి ఉత్సాహం చూస్తేనే కొంచెం భయంగా ఉంది.

ఈ జబ్బును అక్కడ ఎలా కనిపెట్టారని నానమ్మ అడిగింది. ఐసు ముక్కను ప్లాస్టిక్ సంచిలో వేసి ముంజేతి మీద 5 నిమిషాలు ఉంచారని, తీశాక 10 నిమిషాలు ఆగితే అచ్చం ఆ ముక్క ఆకారంలోనే దద్దురు లేచిందని చెప్పాను.

“దానికి డబ్బులు తీసుకున్నారా?”

ఎంతో చెప్పాను. గొంగడిని నా భుజాల మీదికి ఇంకాస్త లాగి, “ఫ్రిజ్ మనింట్లోనూ ఉంది కదే” అంది.