ఒక్క గుల్డెన్‌కు కొన్న శిఖరం

శ్రోతలకు నమస్కారం. యూరప్‌లో స్లొవేనియా అని ఓ చిన్న దేశం ఉంది. జనాభా 21 లక్షలకు అటూ ఇటూ. అక్కడ పుట్టినవాళ్లు జీవితంలో ఒక్కసారైనా ట్రిగ్లావ్ ఎక్కాలంటారు. జూలియన్ ఆల్ప్స్‌లో అదే ఎత్తైన శిఖరం, 2,864 మీటర్లు. దాని పేరుతోనే నేషనల్ పార్క్ ఉంది. దేశపు రాజముద్రలోనూ ఆ కొండే.

దాని కొలతలు అలా ఉంచి, నాకు బాగా ఇష్టమైన ఒక ఫాదర్ కథ చెబుతాను. ఆయన పేరు యాకోబ్ అల్యాజ్. కొండ కింద దోవ్యే అనే ఊళ్లో చర్చి ఫాదర్. అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. జర్మన్ మాట్లాడే పర్వతారోహకుల సంఘాలు అక్కడ దారులు వేసి, బసలు కట్టి, జర్మన్‌లో బోర్డులు పెడుతున్నాయి. మన కొండ మీద మన భాష లేకుండా పోతోందని ఫాదర్‌కు బాధ. అలాగని ఆయన ఊరేగింపులు తీయలేదు. 1895లో తిన్నగా ఊరి పంచాయతీకి వెళ్లి, శిఖరం మీద చిన్న జాగా కొనేశాడు. ఎంతకు? ఒక్క గుల్డెన్‌కు. గుల్డెన్ అంటే అప్పట్లో అక్కడ చెలామణిలో ఉన్న డబ్బు. అవునండీ, ఒకే ఒక్క గుల్డెన్!

కొని ఊరుకోలేదు. రేకుల పనివాడితో చిన్న గుండ్రటి బురుజు చేయించాడు. మన పల్లెల్లో ధాన్యం గాదె ఉండేది చూడండి, ఇంచుమించు అలాగే ఉంటుంది. పైన ఓ చిన్న జెండా. ముక్కలుగా విడదీసి, మనుషుల వీపుల మీద పైకి మోయించాడు. ఆగస్టు 7న శిఖరం మీద బిగించేశారు. తర్వాత దాన్ని స్లొవేనియన్ పర్వతారోహకుల సంఘానికే ఇచ్చేశాడు. ఈయన సంగీతం కూడా కట్టేవాడు. ట్రిగ్లావ్ మీద ఆయన బాణీ కట్టిన పాటలోని తొలి మాటలు ఇప్పుడు స్లొవేనియా 50 సెంట్ల నాణెం మీద ఉన్నాయి. గుల్డెన్ పెట్టి కొండ కొన్నాయన చివరికి నాణెం మీదికే చేరాడన్నమాట. నాకైతే భలే ముచ్చటేస్తుంది.

మొదటిసారి పైకి చేరినవాళ్లకు అక్కడ తాడుతో వెనకవైపు రెండు మూడు దెబ్బలు వేస్తారు. సరదాకేలెండి.

మన పిల్లలు చాలామంది జర్మనీలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లకిదేం దూరం కాదు. ఇంట్లో వింటున్నవాళ్లు ఆ పిల్లలకొక్క మాట చేరవేయండి. చివరి దారి ఇరుకైన గట్టు మీదుగా పోతుంది. పట్టుకోవడానికి ఇనుప మేకులు, తీగతాళ్లు బిగించి ఉంటాయి. పైన బురుజు కూడా లోహమే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుముల వాన పట్టుకోవడం మామూలు. పిడుగు వేళ ఇనుప తీగ పట్టుకుని నిలబడితే ఏమవుతుందో చెప్పాలా? బురుజులో దాక్కుందామనీ అనుకోవద్దు.

అందుకని ముందురోజు 2,515 మీటర్ల ఎత్తున ఉన్న క్రెదారిత్సా బసలో పడుకోవాలి. తెల్లారేసరికి బయలుదేరాలి. హెల్మెట్ పెట్టుకోవాలి, నడుముకూ తొడలకూ బిగించే హార్నెస్ వేసుకుని తీగకు తగిలించుకోవాలి. మధ్యాహ్నానికి ఆ తీగలు వదిలి కిందికి దిగిపోవాలి. ఫొటోలు సరిగ్గా రాలేదని ఇంకో గంట ఆగుదామంటే, అక్కర్లేదు, దిగిపొమ్మనండి.