కట్టె వ్యర్థాల డ్రమ్ములో నిప్పు రాజేసే మొదటి పది నిమిషాలు

నమస్కారం. పెరట్లో పేరుకుపోయిన ఎండుకొమ్మలనూ, బెరడునూ, చెక్కపని చేయగా మిగిలిన ముక్కలనూ ఈ రోజు ఈ 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో కాల్చబోతున్నాను. మండుతున్న మంటను కనిపెట్టుకుని ఉండటం కంటే దాన్ని అంటించే మొదటి పది నిమిషాలే ప్రమాదకరమని నా అభిప్రాయం. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సమయం వాటికే ఇస్తున్నాను.

కాల్చడానికి అనుమతి ఉన్నదీ, ఈ రోజు గాలి నెమ్మదిగా ఉంటుందన్నదీ ముందే నిర్ధారించుకున్నాను. డ్రమ్ము చుట్టూ మూడు మీటర్ల మేర ఎండుగడ్డి తీసేసి మట్టి కనిపించేలా చేశాను. నీళ్ల పైపును ఇక్కడిదాకా లాగి, కొన వరకు నీరు వస్తోందో లేదో తిప్పి చూశాను. ఒంటిమీద నూలు బట్టలే వేసుకున్నాను, ఎందుకంటే సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. రంగు వేసిన చెక్కనూ, ప్లైవుడ్‌నూ, చెదలు పట్టకుండా మందు ఎక్కించిన చెక్కనూ పక్కన పెట్టేశాను. అలాంటి మందుల్లో కొన్నింటిలో ఆర్సెనిక్, క్రోమియం ఉంటాయి. కాల్చితే అవి పొగలోకీ బూడిదలోకీ చేరతాయి.

ఇక పెట్రోలు సంగతి. కొమ్మలు అంటుకోవడం లేదని పెట్రోలు చిలకరించి, అగ్గిపుల్ల గీయగానే చేతులు కాల్చుకున్న ఒక పెద్దాయనను నేను కళ్లారా చూశాను. ఆ రోజు మంట డ్రమ్ము పై నుంచి కాదు, ఆయన కాళ్ల దగ్గర నుంచి లేచింది. పెట్రోలు ఎంత చలిలోనైనా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక డ్రమ్ము అడుగుకు దిగి, గాలి కోసం పెట్టిన రంధ్రాల గుండా బయటికి పాకి, మనిషి నిలబడిన నేలంతా పరుచుకుంటుంది. ఆరిందనుకున్న కణికల మీద డీజిల్, కిరోసిన్ పోయడమూ అంతే ప్రమాదం. దయచేసి ఆ డబ్బాను డ్రమ్ము దరిదాపులకు కూడా తీసుకురాకండి.

కట్టె ఆరి ఉంటే వాటి అవసరమే రాదు. తేమ 20 శాతానికి లోపు ఉండాలి. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే గణగణమని మోగాలి. లావు ముక్కలను అడుగున, మధ్యలో గాలి ఆడేలా సందులు వదిలి పేర్చాను. వాటిపైన సన్నవి, అన్నిటికీ పైన చిటికెన వేలంత పుల్లలు, వాటి నడుమ మైనం పట్టించిన అట్టముక్క ఉంచాను. గాలి వీపుకు తగిలేలా నిలబడి, పొడవాటి లైటర్‌తో పై నుంచి అంటిస్తున్నాను. ముఖం మాత్రం డ్రమ్ము మీదికి వంచను. మంట పై నుంచి కిందికి దిగుతున్నప్పుడు కింది కట్టె వదిలే వాయువులు ఆ మంటలోంచే పోతూ కాలిపోతాయి కనుక పొగ తక్కువగా వస్తుంది.

తెల్లని పొగ చిక్కగా వస్తే కట్టె తడిగా ఉందనో, గాలి చాలడం లేదనో అర్థం. అప్పుడు అడుగు రంధ్రాలకు అడ్డుపడిన బూడిదను పొడవాటి చువ్వతో తొలగించాలి. రంపపు పొట్టును మాత్రం గుప్పిళ్లతో విసరకూడదు, గాలిలో చెదిరిన పొట్టు ఒక్కసారిగా భగ్గుమంటుంది.

ఇప్పుడు మంట నిలదొక్కుకుంది, రవ్వలు ఎగరకుండా పైన ఇనుప జల్లెడ మూస్తున్నాను.

ఇది మరుసటి ఉదయం. నిన్న సాయంత్రం నీళ్లు పోసినా, చువ్వతో కలిపితే అడుగున ఇదిగో, ఎర్రటి కణిక. నివురుగప్పిన నిప్పంటే ఇదే. మళ్లీ నీళ్లు పోసి, కలిపి, పూర్తిగా చల్లారాకే మూత ఉన్న ఇనుప బకెట్టులోకి ఎత్తుతాను.